మాటల్లో తరుగు

తలుపుకి వేసిన బందులు నాసిరకానివి. బల్ల మీద కూర్చున్న చోటి నుంచే ఆమెకు తెలిసిపోతోంది. లోపలికి ఎవరు వెళ్ళినా పై బందు కిర్రుమంటోంది, కింది బందు నోరెత్తడం లేదు, అంటే బరువంతా పైదాని మీదే పడుతోంది, ఇంకొన్నాళ్ళకి తలుపు ఒరిగి నేలకు రాసుకుంటుంది, అప్పుడు వడ్రంగి వచ్చి కింద చెక్క చిత్రిక పట్టి పోతాడు తప్ప బందు జోలికి వెళ్ళడు. అలాంటి తలుపులకి సరుకు అమ్ముతూనే సగం జీవితం గడిచిపోయింది. ఇప్పుడు ఆ తలుపు అవతల పరీక్షకులు కూర్చుని ఆమె రాసిన సిద్ధాంత గ్రంథం తిరగేస్తున్నారు. ముందు వెళ్ళిన కళ్ళజోడు పిల్ల ఇంకా బయటికి రాలేదు, ఆ పిల్ల తర్వాత ఆమె వంతు. నెరిసిన జడతో, ఒళ్ళో సంచితో వైవాకి వచ్చిన మనిషిని చూసి ఇందాక అటెండరు, "మీ అమ్మాయిని పంపించి మీరు కింద కూర్చోండమ్మా, ఇక్కడ పేరెంట్సు ఉండకూడదు" అన్నాడు. అమ్మాయి లేదు నాయనా, పరీక్ష నాకే, అంటే నాలుక కరుచుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ నీళ్ళు తాగాక నీరసం ఇంకాస్త పెరిగింది. పరీక్షంటే భయమని కాదు, భయపడటానికి కూడా ఓపిక ఉండాలి కదా. చేతిలో ఫోన్ ఉంది. అది మోగదని తెలుసు, చేస్తే తనే చెయ్యాలి, చేసి ఏం చెప్పాలన్నదే తేలడం లేదు. సాయంత్రం బస్సుకి బావగారు ఊరు విడిచి కూతురింటికి వెళ్ళిపోతున్నారు, మళ్ళీ వచ్చే ఆలోచన లేదు. ఆయన సొంత తమ్ముడు, అంటే తన భర్త, బస్టాండుకి రానని పొద్దునే తేల్చేశాడు.

ఒకే కొట్టు. వీధి వైపు కొట్టులో బావగారు, వెనక గోదాములో భర్త, మధ్యలో ఇనుప ఊచలు పేర్చిన పొడవాటి నడవ. తాళాలూ గొళ్ళేలూ తలుపు బందులూ ముందు, మేకులూ మరలూ రంగు డబ్బాలూ వెనక. ఆ నడవ మాత్రం ఆమెది. అన్నదమ్ములిద్దరూ ఒకే వ్యాపారం చేస్తూ, ఒకే వంటింటి అన్నం వేరువేరు వేళల్లో తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తు లేదు. గొడవ కూడా ఏమంత పెద్దది కాదు. మామగారు పోయాక బావగారు కొట్టులోని పాత చెక్క బల్లని ఎవరికో ఇచ్చేసి అద్దాల బల్లలు వేయించారు. ఆ చెక్క బల్ల పట్టుకునే తను నడక నేర్చుకున్నానని, అడక్కుండా ఎలా తీసేస్తావని, కొనేవాళ్ళు నిలబడి ఉండగా భర్త అరిచాడు. ఇక నాతో మాట్లాడకు అన్నారు బావగారు. సరే అన్నాడు భర్త. ఇద్దరూ ఆడిన మాట మీద నిలబడే వ్యాపారులు, అక్కడే వచ్చింది చిక్కు. ముందు అవతలివాడు దిగి రావాలని ఇద్దరూ ఎదురుచూశారు. బేరగాడు మెట్లు దిగినట్టే దిగి వెనక్కి తిరిగి చూస్తాడని కొట్టువాడు చూసినట్టు, చూస్తూ చూస్తూ ఇద్దరి జుట్టూ తెల్లబడింది. మాటలు మాత్రం ఆగుతాయా, సరుకు రావాలి, పోవాలి. "కొత్తగా దింపిన బందులు తుప్పు పట్టి ఉన్నాయి, కళ్ళు నెత్తిన పెట్టుకుని దింపుకున్నాడేమో అడుగమ్మా" అని బావగారు అంటే, ఆమె నడవ దాటేసరికి ఆ మాట, "బందులకి తేమ తగిలినట్టుందట, ఒకసారి చూడమంటున్నారు" అయ్యేది. "కళ్ళు ఆ పెద్దమనిషికీ ఉన్నాయిగా, ఆయన్నే చూసుకోమను" అని భర్త అంటే, వెనక్కి వెళ్ళేసరికి, "సాయంత్రం తనే చూస్తానన్నారు బావగారూ" అయ్యేది. సరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తే తరుగు పోక తప్పదు, బెల్లం కారుతుంది, ఉప్పు చెమ్మగిల్లుతుంది, మాటలో కారం కాస్త రాలిపోతే నష్టమేముంది అనుకునేది. నష్టం లేకపోగా లాభమే అనుకునేది. ఆ నడవలో ఎంత కారం రాల్చిందో, ఊడ్చి పోగేస్తే గోదాములో చోటు చాలదు.

అప్పట్లో అక్క ఉండేది. అక్క అంటే తోడికోడలు, బావగారి భార్య. అప్పుడు మోత ఇద్దరి మీదా పడేది, ఒక బందు అలిసిపోతే ఇంకో బందు. అక్క చెయ్యి తిరిగిన మనిషి, తిట్టుని పొగడ్తగా మార్చేది, పైగా వంటింట్లోకి వచ్చి అసలు మాటా మార్చిన మాటా రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేది. ఒక మధ్యాహ్నం బట్టలు కొనడానికని చెప్పి ఇద్దరూ కలిసి నాటకానికి పోయారు. ఊళ్ళు తిరిగే కంపెనీ, వాన కురిస్తే కారే హాలు. ఇప్పుడు తను సిద్ధాంత గ్రంథం రాసిన పాత విషాద నాటకం అదే, అప్పుడది అంత గొప్పదని ఇద్దరికీ తెలియదు. నదికి ఇటు ఒడ్డున అన్న, అటు ఒడ్డున తమ్ముడు, ఇద్దరూ రాజులే. ఇద్దరి మధ్యా మాటలు మోయడానికి ఒక దూత, ఒక పడవ. దూతకి పేరు లేదు. ఏళ్ళ తరబడి పగ నడిచాక అన్న మెత్తబడి, "కత్తితో వస్తావో, కత్తి లేకుండా వస్తావో, రా" అని కబురు పెడతాడు. దూత అక్షరం పొల్లుపోకుండా అదే చెబుతాడు. తమ్ముడికి కత్తి అన్న మాటే వినబడుతుంది, రా అన్నది వినబడదు. తెల్లారేసరికి ఇద్దరూ పోతారు, దూత ఖాళీ పడవలో కూర్చుని ఉంటాడు, తెర పడుతుంది. పక్క కుర్చీలో ఎవరో ముక్కు చీదుకుంటున్నారు. అక్క మాత్రం చెప్పులు వెతుక్కుంటూ, "ఆ దూతగాడికి బుద్ధుందిటే? కత్తి మాట మింగేసి వట్టి రమ్మన్నాడని చెబితే వాడి సొమ్మేం పోయింది? మనల్ని పెట్టుకోవాల్సింది ఆ రాజులు" అంది. దారంతా నవ్వుకున్నారు. బట్టలు కొనడం మర్చిపోయి ఇంటికొస్తే ఏం కొన్నారని ఇటాయనా అడిగాడు, అటాయనా అడిగాడు, ఎవరి అబద్ధం వాళ్ళు చెప్పారు, రెండూ అతకలేదు, అయినా పట్టుబడలేదు, ఎందుకంటే అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే కదా.

అక్క పోయాక మోత మొత్తం ఒకరి మీద పడింది. నవ్వడానికి మనిషి లేకపోతే అదే పని ఇంత బరువని అప్పుడు తెలిసింది. అందుకే చేరింది ఈ చదువులో, వారానికి ఒక పూట కొట్టు కాని చోట కూర్చోవచ్చని. ఆ అనుమతి కూడా తన మీదుగానే నడిచింది. "చదువుకుంటానంటే వాడు అడ్డుపడకూడదని చెప్పు" అన్నారు బావగారు. "నేనెప్పుడు అడ్డుపడ్డానో ఆయన్నే చెప్పమను" అన్నాడు భర్త. తన చదువు గురించి ఇద్దరూ తన చేతే కబుర్లు పంపుకుంటుంటే, తను ఆ నడవలో అటూ ఇటూ తిరిగింది. సిద్ధాంత వ్యాసానికి ఏం తీసుకుంటారని గైడు మేడమ్ అడిగితే ఆలోచించకుండా ఆ నాటకం పేరు చెప్పింది. దాన్ని ఎన్ని రకాలుగా మార్చారో, దొరికినవన్నీ చూసింది. ఒక పాత సినిమాలో దూతనే తీసేశారు, ఉత్తరం ఒకటి వానలో తడిసి అక్షరాలు చెదిరిపోతాయి. జనం ఏడ్చారట, ఆమె మాత్రం ఒక నటుడి భోజనం మిగిలింది అనుకుంది. ఇంకో సినిమాలో రాజులు మిల్లుల యజమానులు, దూత బదులు టెలిఫోను, లైను సరిగ్గా 'రా' దగ్గర తెగుతుంది. పెద్ద హాల్లో వేసిన ఒక నాటకంలో దూత ముసలివాడు, చెవిటివాడు. ఎవరు ఎందుకు మార్చారని పుస్తకాల్లో చాలా గొప్ప కారణాలు రాశారు. ఆమెకు మాత్రం ప్రతి మార్పు వెనకా ఒక కొట్టు కనబడేది, ఉన్న సరుకేమిటి, లేని సరుకేమిటి, ఏది పెట్టి ఏది నెట్టుకొచ్చారు. ఒక్క ప్రదర్శన మీద మాత్రం మనసు పారేసుకుంది. కాలేజీ పిల్లలు వేసింది. అందులో దూత ఒక ఆడమనిషి, ప్రతి మాటా మార్చి చెబుతుంది, చివరికి అన్నదమ్ములిద్దరూ చావరు. ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి కూర్చుంటారు, అంతే, దీపం ఆరిపోతుంది. అది చూసి వ్యాసం అంతా ఒక్క మాట చుట్టూ కట్టేసింది: దూత మాట మార్చి చెప్పి ఉంటే ఈ కథ విషాదం అయ్యేది కాదు. "దీన్నెలా నిరూపిస్తారండీ?" అని మేడమ్ అడిగినప్పుడు, మా ఇంటికి రండి చూపిస్తాను అనబోయి ఊరుకుంది.

ఈ రోజు పొద్దున ఆ నిరూపణ కాస్తా నడవలో కూలింది. బావగారు వీధి కొట్టులో తన తాళంచెవుల గుత్తి విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పరుస్తున్నారు, ఇక వాటితో పని లేదు కదా. తలెత్తకుండానే గొంతు సవరించుకుని, "ఆ తూనీగ వెధవని సాయంత్రం బస్టాండుకొచ్చి తగలడమను" అన్నారు. "సంచులు మోసేవాడు లేక కాదు. వాడి మొహం చూడకుండా బస్సెక్కితే ఆ మెట్టు మీదే కూలబడతాను. రాకపోతే కాళ్ళు విరగ్గొడతానని చెప్పు." పెళ్ళయినప్పటి నుంచీ ఆ నోటి నుంచి తమ్ముడి కోసం 'రమ్మను' అన్న మాట వినడం అదే మొదలు. నడవలో నడుస్తూ అలవాటు చొప్పున ఒక్కొక్కటే ఏరేసింది, వెధవ తీసేసింది, తూనీగ తీసేసింది, కట్టుకున్న భర్తని పట్టుకుని ఆ మాటలు ఎలా అంటుంది, తగలడమను తీసేసింది, కాళ్ళు విరగ్గొట్టడం తీసేసింది. మేకులు తూస్తున్న ఆయన ముందు నిలబడి, "బావగారికి మిమ్మల్ని ఒకసారి చూడాలని ఉందట. సాయంత్రం బస్టాండుకి రమ్మన్నారు" అంది. ఆయన పళ్ళెం దించలేదు. "నీ కవిత్వం నా దగ్గర వద్దు" అన్నాడు. "ఇన్నేళ్ళుగా వింటున్నాను, నాకు తెలియదా? తిట్టు అక్కడ బయల్దేరుతుంది, ఇక్కడికొచ్చేసరికి పన్నీరు. ఏదో ఇంట్లో గోల లేకుండా పోతోంది కదా అని ఊరుకున్నా. చూడాలని ఉందా! ఆ పెద్దమనిషి నోట్లోంచి ఆ మాట వస్తుందా? నువ్వు పిలిస్తే నేను వెళ్ళి, ఆయన మొహం తిప్పుకుంటే, నలుగురిలో నేనేమైపోవాలి?" లేదండీ, ఈసారి నిజంగానే అన్నారు, అంది. ఈసారి, అన్నాడు ఆయన. అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఉన్నా బాగుండేది.

అంటే అన్నేళ్ళూ తెలుసు. అన్నేళ్ళూ ఆయన తన మాటని తన మాటగానే తీసుకున్నాడు, అన్న మాటగా ఒక్కటీ తీసుకోలేదు. కల్తీ కొట్టు అని పేరు పడ్డాక మంచి సరుకు తెచ్చి గుమ్మంలో పోసినా ఎవరు ముట్టుకుంటారు? అదైనా భరించవచ్చు. భరించలేనిది రెండోవైపుది. బావగారు అన్నీ నమ్మారు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని తమ్ముడు అడిగాడంటే నమ్మారు. అక్క పోయినప్పుడు, "అన్నయ్యని భోజనం మానొద్దని చెప్పు" అన్నాడంటే నమ్మి రెండు ముద్దలు తిన్నారు. అవేవీ భర్త అనలేదు, అడగలేదు, అక్క చచ్చిపోయిన రోజున కూడా ఆయన గోదాములో రంగు డబ్బాల మధ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, అంతే. ఏడ్చాడేమో, ఏడుపుని మోసుకెళ్ళి ఇవ్వడం ఎలాగో ఆమెకు తెలియలేదు, అందుకే మాటలు కల్పించింది. ఇందాక తను ఇటు బయల్దేరుతుంటే బావగారు కొత్త చొక్కా తొడుక్కుని, "వాడొస్తాడులేమ్మా, నాకు తెలుసు. పైకి మొండి వెధవే గానీ ఎన్నిసార్లు నా బాగోగులు కనుక్కోలేదు?" అన్నారు. సాయంత్రం ఆయన బస్టాండు బల్ల మీద సంచులు పక్కన పెట్టుకుని, వచ్చే ప్రతివాడి నడకా చూస్తారు. కండక్టరు ఈల వేస్తాడు. మెట్టు దగ్గర కూలబడరు, ఎవరూ కూలబడరు, అదంతా మాట వరసకి అంటారు. ఎక్కి కూర్చుంటారు. కూర్చుని దారి పొడవునా, ఇన్నాళ్ళూ బాగోగులు అడిగినవాడు ఎందుకు రాలేదా అని లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ఏనాటికీ తేలదు, అందులో సగం అంకెలు తను వేసినవి. దేవుడా, ఎంత నిద్ర వస్తోంది. ఈ బల్ల మీదే పడుకుంటే బాగుండు. కాలేజీ పిల్లల నాటకంలో ఆ ఆడదూత దీపం ఆరాక ఏమైంది, ఎక్కడికి పోయింది, వీపులు పెట్టి కూర్చున్న వాళ్ళిద్దరికీ మధ్య ఇంకా నిలబడే ఉందా? అది ఎవరూ చూపించలేదు. తనూ అడగలేదు. చావలేదు కాబట్టి విషాదం కాదని రాసి పారేసింది.

తలుపు అవతల కళ్ళజోడు పిల్ల గడగడా ఏదో చెబుతోంది, ఎవరో దగ్గారు. ఆ దగ్గు బావగారి దగ్గులా ఉంది. మాట్లాడే ముందు ఆయన అలాగే గొంతు సవరిస్తారు, ఆ చప్పుడు నడవ దాటి గోదాము దాకా వినబడేది, మాట వినబడేది కాదు, చప్పుడు వినబడేది, అది వినబడగానే మేకులు తూసే ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది. రోజూ చూసింది. ఎందుకు ఆగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. కారే హాల్లో ఆ నాటకం, అందులో కూడా ఒక దగ్గు ఉంది కదూ. ఆ కంపెనీలో మనుషులు చాలక అన్నరాజు వేషం వేసినవాడే తలపాగా మార్చుకుని దూతగా కూడా వచ్చేవాడు. తలపాగా మారింది గానీ దగ్గూ గొంతూ మారలేదు. "కత్తితో వస్తావో" అని వాడు ఎత్తుకోగానే తమ్ముడి వేషంవాడు సింహాసనం మీంచి దిగ్గున లేచి, చేతిలో కత్తి కింద పడేశాడు. పడేసి ఒక్క అడుగు ముందుకు వేశాడు. అప్పుడు కథ గుర్తొచ్చింది కాబోలు, వంగి కత్తి వెతుక్కున్నాడు. జనం గొల్లుమన్నారు, తనూ అక్కా కూడా పడీపడీ నవ్వారు. వ్యాసంలో ఆ ప్రదర్శనకి ఒక్క వాక్యం ఇచ్చింది: సిబ్బంది కొరత వల్ల ఒకే నటుడు రెండు పాత్రలు ధరించాడు. అంతే రాసింది. వాడు లేచింది మాటకి కాదు. అన్న గొంతు వినబడింది, లేచాడు. కత్తి, రా, తగలడు, వెధవ, ఇవన్నీ ఆ గొంతు వేసుకునే తలపాగాలు. ఇన్నేళ్ళూ తను మోసింది వట్టి తలపాగాలేనా, శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి? పొట్టు అనుకుని చెరిగి పారేసినదాంట్లోనే గింజ ఉందేమో. తెలియదు. ఉన్నదున్నట్టు చెబితే నాటకంలో ఇద్దరూ చచ్చారు. కానీ ఇప్పుడు చేతిలో వేరే సరుకేం మిగిలింది?

నంబరు నొక్కింది. అటెండరు తలుపు పక్కన నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు.

"ఏంటి, అప్పుడే అయిపోయిందా పరీక్ష?" అన్నాడు భర్త. వెనక పళ్ళెంలో మేకులు పడుతున్న చప్పుడు.

"ఇంకా పిలవలేదు. పొద్దున నేను చెప్పింది బావగారి మాట కాదు."

"అది నాకు తెలుసుగా."

"ఆయన అన్నది చెబుతున్నాను. మధ్యలో అడ్డు రాకండి, మళ్ళీ చెప్పే ధైర్యం నాకు లేదు."

కళ్ళు మూసుకుంది. బావగారిలాగే గొంతు సవరించుకుంది, అది సరిగ్గా కుదిరింది, అన్నేళ్ళు విన్నాక కుదరకేం. "ఆ తూనీగ వెధవని సాయంత్రం బస్టాండుకొచ్చి తగలడమను. సంచులు మోసేవాడు లేక కాదు. వాడి మొహం చూడకుండా బస్సెక్కితే ఆ మెట్టు మీదే కూలబడతాను. రాకపోతే కాళ్ళు విరగ్గొడతానని చెప్పు." అటెండరు గడియారం మీంచి చూపు తిప్పి నోరు తెరుచుకుని ఆమె వైపు చూస్తున్నాడు. చూడనీ.

మేకుల చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నాడు?"

"తూనీగ వెధవ అన్నారు. నేను కాదండీ, ఆయనే అన్నారు."

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తిట్టనుకున్నాను. అందుకే తీసేశాను."

అటు పళ్ళెం దించిన చప్పుడు.

"తిట్టు కాదే పిచ్చిదానా" అన్నాడు ఆయన. "చిన్నప్పుడు నా కాళ్ళు పుల్లల్లా ఉండేవి. భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పేవాడు. తూనీగొచ్చింది, తూనీగొచ్చింది అని అరుస్తూ... వాడొక్కడే పిలిచేవాడు. అమ్మ కూడా అలా పిలిచేది కాదు." ఇప్పుడు ఆయన నడిస్తే గోదాము చెక్కలు మూలుగుతాయి, ఆ మనిషిని తూనీగ అనడం తలుచుకుంటే అక్క ఉంటే ఎంత నవ్వేదో. "ఏ బస్సు?"

చెప్పింది. కుర్చీ జరిగిన చప్పుడు, తాళంచెవుల చప్పుడు. "సరే. అన్నయ్యతో చెప్పు, నేను..." అన్నాడు. ఆమె అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టింది, మాట అందుకోవడానికి సిద్ధంగా.

"వద్దులే" అన్నాడు ఆయన. "నేనే చెప్పుకుంటా. నువ్వు పరీక్ష చూసుకో."

ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. తలుపు తెరుచుకుంది, పై బందు కిర్రుమంది, కళ్ళజోడు పిల్ల ఎర్రబడిన మొహంతో బయటికొచ్చి, "చివరి అధ్యాయం మీద పడి పీకుతున్నారాంటీ, మీరు గట్టిగా నిలబడండి" అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయింది. నిలబడటమా, నా చివరి అధ్యాయమే నిలబడదమ్మా, అది తనకే తెలిసింది, లోపలికి వెళ్ళి అదే చెబుతుంది, వాళ్ళు మళ్ళీ రాసుకు రమ్మంటే రాసుకొస్తుంది. అటెండరు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇందాకటికంటే మర్యాదగా, కాస్త భయంగా.

"రండమ్మా, మిమ్మల్నే పిలుస్తున్నారు."

"వస్తున్నా నాయనా. ఒక్క నిమిషం కూర్చోనీ" అంది ఆమె. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. వాటిలో ఎవరి మాటా లేదు.